రాతిని చదివే విద్య

చరిత్రను కంఠస్థం చేస్తే చాలదు. దాని ఆధారాలను సేకరించే పద్ధతినీ అభ్యసించాలి. కడప జిల్లా ఎర్రగుంట్ల మండలంలోని కలమళ్ళ శాసనమే ఇందుకు నిదర్శనం. రేనాటి చోళుడైన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని నాటి ఈ రచన తొలి తెలుగు శాసనంగా ప్రసిద్ధికెక్కింది. ఇందులో సంవత్సరం లేదు. అక్షరాల రూపాన్ని పరిశీలించి పండితులు దీనిని సుమారు క్రీ.శ. 575 నాటిదిగా నిర్ణయించారు. కొన్ని పంక్తులు ఇప్పటికే శిథిలమయ్యాయి. రాతిపై ఒక్క గీత చెరిగినా ఒక సాక్ష్యం నశించినట్లే.

రాతిని కడిగి, తడి కాగితం పరచి, కుంచెతో అదిమి, సిరా అద్దితే కాగితం నల్లబడి అక్షరాలు తెల్లగా నిలుస్తాయి. ఆ నకలును తరువాత తీరికగా పరిశోధించవచ్చు. ఈ విద్యను ప్రతి కళాశాలలోనూ నేర్పాలి. శాసనాన్ని చదవడం నేర్చిన విద్యార్థి తన ఊరి గుడిలోని రాతికి సున్నం పూయనివ్వడు.