ఉప్పెన హెచ్చరిక – చట్టబద్ధమైన బాధ్యత

1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో, ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ విషాదాన్ని గూర్చి తెలుగునాట ఎంతో కవిత్వం వెలువడింది. కాని దుఃఖించడం వేరు. ఆ దుఃఖం మరల రాకుండా శాసనం చేసుకొనడం వేరు. ఈ రెండవ విషయాన్ని గూర్చి మన విద్యార్థిలోకం ఆలోచించాలని మా అభిలాష.

తుఫానులో అధిక ప్రాణహాని కలిగించేది గాలికంటె నీరు. గాలి సముద్రజలాన్ని తీరంవైపు నెట్టుతుంది. లోతు తక్కువైన చోట ఆ జలం పైకి లేస్తుంది. అదే సమయానికి పోటు తోడైనట్లయితే కృష్ణా, గోదావరి డెల్టాల వంటి పల్లపు నేలలు మునిగిపోతాయి. నదులలోని వరద సముద్రంలో కలియలేక ఊళ్ల మీదికి మళ్లుతుంది.

ఈ జ్ఞానం మనకు కొరత కాదు. 1875లో నెలకొన్న భారత వాతావరణ శాఖ తుఫానులను, కేంద్ర జలసంఘం నదుల వరదలను, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రపు అలలను, సునామీలను గమనిస్తున్నాయి. 1999లో ఒడిషా పెనుతుఫానుకు దాదాపు 10,000 మంది బలియైనారు. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ వద్ద తీరం దాటిన ఫైలిన్ తుఫానులో, లక్షలాది ప్రజలను ముందే తరలించినందువల్ల మృతులు పదుల సంఖ్యను మించలేదు. ముందుమాట విలువ అంతటిది.

అయితే ఈ ముందుమాట అధికారుల దక్షత మీదనే ఆధారపడి ఉండదగునా? 2004 నాటి సునామీ తరువాత 2005లో వచ్చిన విపత్తు నిర్వహణ చట్టం, హెచ్చరికల ఏర్పాటును జిల్లా ప్రాధికార సంస్థల విధులలో చేర్చింది. ఇది మెచ్చదగినది. కాని ఆ హెచ్చరికలో ఏమి ఉండాలి, ఎన్ని గంటలు ముందుగా చివరి గుడిసెకు చేరాలి అనే విషయాలు కూడ శాసనంలో స్పష్టపడాలని మా వాదన. అమెరికాలో 2017 ఏప్రిల్ 18న ఆమోదముద్ర పొందిన వాతావరణ చట్టం తుఫానులకు సంబంధించి మూడు లక్ష్యాలను చెప్పింది: తుఫాను మార్గాన్ని, అది హఠాత్తుగా బలపడడాన్ని ముందే పసిగట్టడం, ఉప్పెన అంచనాను మెరుగుపరచి ప్రజలకు తెలియజేయడం, హెచ్చరిక ప్రజల మనస్సుకు ఎక్కే విధానాన్ని పరిశోధించడం. ఈ మూడవ లక్ష్యం మనకు ముఖ్యంగా ఆదర్శప్రాయం.

ఇట్టి చట్టం వస్తే అధికారులు శిక్షకు వెరచి ప్రతి మబ్బుకూ ప్రమాదఘంట మ్రోగిస్తారని కొందరంటారు. ఆ శంక సహేతుకమే. ప్రజలు నాలుగుసార్లు వృథాగా ఇల్లు విడిచినట్లయితే అయిదవసారి కదలరు. కనుక చట్టం అంచనా తప్పినవారిని శిక్షించరాదు. అందిన అంచనాను ప్రజలకు అందించనివారిని ప్రశ్నించాలి. ప్రతి తుఫాను తరువాత, చెప్పినదేమి, జరిగినదేమి అన్న లెక్కను ప్రజల ముందుంచాలి.

ఇక భాషను గూర్చి ఒక మాట. రేవులలో ఎగురవేసే ప్రమాద సూచిక ఓడల కొరకు ఏర్పడినది. అయిదో నంబరు, పదో నంబరు అంటే పాకలోని ముసలమ్మకు ఏమి బోధపడుతుంది? "రేపు తెల్లవారుజామున మీ వీధిలో మనిషి ఎత్తు నీరు వస్తుంది, ఈ రాత్రికే బడి మేడ మీదికి పొండి" అంటే ఆమె లేచి నడుస్తుంది. తెలుగు వినేవారికి తెలుగులో, ఉర్దూ వినేవారికి ఉర్దూలో, వారి వాడుక మాటలలో హెచ్చరిక చెప్పడం దయాధర్మం కాదు, అది వారి హక్కు.

రెండు భాషల విద్యార్థులు కలసి చదివే కళాశాల మనది. శాస్త్రవేత్త మాటను పామరుని మాటగా మార్చగల యువకులు ఇటువంటి చోటనే తయారుకావాలి. శాసనం చేయవలసినది ప్రభుత్వం. అది చేయవలెనని అడుగవలసినది చదువుకొన్న మనము.