60 నిమిషాల ఆట... రెండున్నర గంటలు!

మన సినిమాకి ఒకటే ఇంటర్వెల్. ఐస్ హాకీకి రెండు! అమెరికాలోనో కెనడాలోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లి మొదటిసారి ఈ ఆట చూసినవాళ్లకి ముందుగా వచ్చే సందేహం ఒకటుంది. ఆట 60 నిమిషాలే అంటారు. ఏడింటికి మొదలైతే తొమ్మిదిన్నరకి గానీ అవదు. మరి మిగతా గంటన్నర ఏమైనట్టు?

కిటుకంతా గడియారంలోనే ఉంది. ఫుట్‌బాల్‌లో బంతి బయటికి పోయినా గడియారం తిరుగుతూనే ఉంటుంది. ఇక్కడ రిఫరీ ఈల వేస్తే చాలు, ఠక్కున ఆగిపోతుంది. బంతికి బదులుగా వాడే నల్లటి రబ్బరు బిళ్లని పక్ అంటారు. అది మళ్లీ మంచు మీద పడ్డాకే గడియారం కదులుతుంది. అంటే 60 నిమిషాలూ అచ్చంగా ఆటే. గెలుస్తున్న జట్టు కావాలని కాలయాపన చేద్దామన్నా కుదరదు.

ఆ 60 నిమిషాలనీ ఇరవయ్యేసి చొప్పున మూడు పీరియడ్లు చేశారు. తొలిరోజుల్లో అరగంట చొప్పున రెండే భాగాలుండేవి. 1910లో కెనడాలోని నేషనల్ హాకీ అసోసియేషన్ దాన్ని మూడుగా మార్చింది. మధ్యలో వచ్చే ఇంటర్వెల్ అంతర్జాతీయ పోటీల్లో 15 నిమిషాలు, ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్‌లో 17-18 నిమిషాలు.

ఈ విరామం ఆటగాళ్లకే కాదు, మంచుకి కూడా! స్కేట్ల అంచులు కోసేసరికి మంచు గీతలు పడిపోతుంది. పైన పొడి పేరుకుంటుంది. పక్ నున్నగా జారకుండా ఎగిరెగిరి పడుతుంది. పూర్వం దీన్ని గీకి, కడిగి, చదును చేయడానికి ముగ్గురు నలుగురు మనుషులకి గంటకి పైనే పట్టేది. కాలిఫోర్నియాలో స్కేటింగ్ రింక్ నడిపిన ఫ్రాంక్ జాంబోనీ 1949లో దీనికో యంత్రం తయారుచేశాడు. అది పైపొరని చెక్కేసి, కడిగేసి, వెనకాలే పల్చగా నీళ్లు పరుస్తుంది. ఆ నీళ్లు గడ్డకట్టి అద్దంలా తయారవుతాయి. ఇంటర్వెల్‌లో పిల్లలు కళ్లప్పగించి చూసేది ఈ జాంబోనీ బండినే!

ఇక టైమవుట్ల సంగతి. ఐపీఎల్‌లో ఒక్కో స్ట్రాటజిక్ టైమవుట్ రెండున్నర నిమిషాలు. ఇక్కడ మ్యాచ్ మొత్తానికీ జట్టుకి ఒకే ఒక్కటి... అదీ 30 సెకన్లు! ఆటగాళ్లు ముప్పావు నిమిషం పాటు ప్రాణం పెట్టి పరుగెత్తి, ఆట సాగుతుండగానే బెంచీ మీదున్నవాళ్లతో మారిపోతుంటారు. ఒత్తిడి తట్టుకోలేక సొంత సగంలోంచి పక్‌ని అవతలి కొసకి కొట్టేస్తే అది 'ఐసింగ్' తప్పు. అప్పుడు అలసిన ఆటగాళ్లని మార్చనివ్వరు. కోచ్‌లు తెలివిగా టైమవుట్ తీసుకుని వాళ్లకి ఊపిరి అందించేవారు. 2017లో ఎన్‌హెచ్‌ఎల్ ఆ దారీ మూసేసింది. అందుకే చాలామంది దీన్ని చివరి నిమిషాలకి దాచుకుంటారు. ఒక గోల్ వెనకబడ్డ జట్టు గోల్‌కీపర్‌ని బయటికి పిలిచేసి అదనంగా ఒక ఆటగాడిని దించేది అప్పుడే. గోల్ ఖాళీ... తెగింపు మాత్రం నిండుగా!

ఇవి కాక ఎన్‌హెచ్‌ఎల్‌లో పీరియడ్‌కి మూడు టీవీ ప్రకటనల విరామాలు, రెండేసి నిమిషాలు. ఆ కాస్త సమయంలోనే సిబ్బంది పారలతో మంచుపొడి ఎత్తిపోస్తారు.

స్కోరు సమానమైతే? లీగ్ దశలో జట్టుకి ముగ్గురేసి ఆటగాళ్లు, గోల్‌కీపర్లతో 5 నిమిషాలు ఆడతారు. అప్పటికీ తేలకపోతే షూటౌట్. ప్లేఆఫ్స్‌లో ఆ వెసులుబాటు లేదు. గోల్ పడేదాకా ఇరవయ్యేసి నిమిషాలు ఆడుతూనే ఉండాలి. 1936 మార్చి 24 రాత్రి మాంట్రియల్‌లో డెట్రాయిట్ రెడ్ వింగ్స్, మాంట్రియల్ మెరూన్స్ తలపడ్డాయి. ఆరో అదనపు పీరియడ్‌లో, అర్ధరాత్రి దాటి రెండు గంటలయ్యాక డెట్రాయిట్ ఆటగాడు మడ్ బ్రూనెటో గోల్ కొట్టాడు. మొత్తం ఆట 176 నిమిషాల 30 సెకన్లు. స్కోరు 1-0!

ఈ గడియారం విలువ తెలియాలంటే 1980 లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్ గుర్తుచేసుకోవాలి. అమెరికా తరఫున కాలేజీ కుర్రాళ్లు. ఎదురుగా అజేయమనుకున్న సోవియట్ జట్టు. మొదటి పీరియడ్ ముగియబోతోంది. సోవియట్లు 2-1 ఆధిక్యంలో ఉన్నారు. పీరియడ్ అయిపోయినట్టే అనుకుని వాళ్లు కాస్త ఏమరుపాటుగా ఉన్నారు. మార్క్ జాన్సన్ దూసుకొచ్చి గోల్ కొట్టేశాడు. గడియారంలో మిగిలింది ఒక్క సెకను! డ్రెస్సింగ్ రూమ్‌కి వెళ్లిపోయిన సోవియట్ ఆటగాళ్లని ఆ సెకను ఆడటానికి వెనక్కి పిలిపించారు. రెండో పీరియడ్ మొదలయ్యేసరికి ప్రపంచంలోనే మేటి గోల్‌కీపర్ ట్రెటియాక్ గోల్ ముందు లేడు. కోచ్ టిఖొనోవ్ కోపంతో అతన్ని పక్కన పెట్టేశాడు. అమెరికా 4-3తో గెలిచింది. ట్రెటియాక్‌ని తీసేయడం పొరపాటేనని టిఖొనోవ్ తర్వాత ఒప్పుకున్నాడు.

ఈసారి ఐస్ హాకీ చూసే అవకాశమొస్తే స్కోరుతో పాటు గడియారం మీదా ఓ కన్నేయండి. ఇంటర్వెల్ అవగానే కాఫీ కోసం లేవొచ్చు గానీ, సైరన్ మోగకముందు మాత్రం లేవకండి!