జానెడు దూరం

ఫ్యూజన్ మీద వార్త వచ్చిందంటే రెండంకెలు ఖాయం: ఎన్ని కోట్ల డిగ్రీలు, ఎన్ని సెకన్లు. ఆ వేడి ఏ దారిన లోపలికి వెళ్లిందో మాత్రం ఎవరూ అడగరు.

ప్లాస్మా, అంటే అయాన్లూ ఎలక్ట్రాన్లుగా విడిపోయిన వాయువు గుండా కరెంటు పారిస్తే హీటర్ తీగలా కొంతవరకు అదే వేడెక్కుతుంది. కానీ కాగేకొద్దీ దాని నిరోధం పడిపోతుంది, ఆ పైన కరెంటు పారినా పెద్దగా ఫలితముండదు. 15 కోట్ల డిగ్రీలు కావాలంటే బయటి నుంచి శక్తిని ఎక్కించాల్సిందే. రేడియో తరంగాలది అందులో ఒక దారి. అయస్కాంత క్షేత్రంలో గిరగిరా తిరిగే అయాన్లను వాటి లయకు సరిపడా తోస్తే, ఉయ్యాల ఊపినట్టు, జోరందుకుంటాయి. ఫ్రాన్స్‌లో కడుతున్న ఫ్యూజన్ యంత్రం ఐటర్‌కు ఎంచుకున్నది 40–55 మెగాహెర్ట్జ్. డాబా ఎక్కి అల్యూమినియం కడ్డీలు తిప్పుతూ ‘బొమ్మ వచ్చిందా?’ అని కేకేసిన తరానికి ఇది కొత్త బ్యాండేం కాదు, పాత టీవీ ఛానెళ్లు కొన్ని ఆ చుట్టుపక్కలే ఉండేవి.

చిక్కల్లా ఆ యాంటెన్నాను ఎక్కడ నిలబెట్టాలన్నదే. ఈ తరంగం అంచున ఉండే పలుచని ప్లాస్మాలో సాగలేదు, సన్నగిల్లిపోతుంది. అందుకే యాంటెన్నా ప్లాస్మాకు జానెడు దూరంలో, ఒక్కోసారి అంతకన్నా దగ్గర ఉండాలి. వెనక్కి జరిపితే శక్తి తిరుగుముఖం పట్టి దాన్ని మోసుకొచ్చే లైన్లలో మెరుపులు పుట్టిస్తుంది. ముందుకు జరిపితే చుట్టూ ఏర్పడే విద్యుత్ క్షేత్రాలు అయాన్లను లోహానికేసి కొట్టి పరమాణువులను ఊడగొడతాయి. గోడకు వాడే టంగ్‌స్టన్ పరమాణువులు ఏ కొద్దిగా నడిబొడ్డుకు చేరినా, ఎక్కించిన వేడిని కాంతిగా, ఎక్స్‌రేలుగా వెళ్లగక్కేస్తాయి. ఒక చేత్తో పొయ్యి ఊదుతూ ఇంకో చేత్తో నీళ్లు చల్లినట్టు.

2024 నాటి కొత్త ప్రణాళికలో ఐటర్ లోపలి గోడను బెరీలియం నుంచి టంగ్‌స్టన్‌కు మార్చింది, వేడి కోసం 170 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్‌ల వైపు మొగ్గింది. వాటిని దూరం నుంచే అద్దాలతో గురిపెట్టొచ్చు. అయాన్ల రేడియోకు తొలి దశలో 10 మెగావాట్లే దక్కాయి. జాగ్రత్తపరుల లెక్క అది, తప్పుపట్టలేం. అయితే మైక్రోవేవ్‌లు కాచేది ఎలక్ట్రాన్లను, ఫ్యూజన్‌లో కలవాల్సినవి అయాన్లు. ప్లాస్మా దట్టంగా ఉంటే తాకిడులతో ఆ వేడి చేతులు మారుతుందన్నది నిజమే. కానీ పక్కింటి పొయ్యి మీద మన అన్నం వండించుకోవడం ఎంతకాలం?

యాంటెన్నా తప్పును పద్ధతి మీదికి నెట్టడమే నాకు మింగుడుపడనిది. జర్మనీలోని గార్చింగ్‌లో ఆస్డెక్స్ అప్‌గ్రేడ్ యంత్రంలో 2015లో రెండు లోహపు పట్టీలున్న యాంటెన్నాలు తీసి మూడు పట్టీలున్నవి బిగించారు. నడిమి పట్టీకీ పక్కవాటికీ శక్తిని సరైన పాళ్లలో, ఎదురు దశలో పంచితే యాంటెన్నా పెట్టె మీద పుట్టే ప్రేరిత కరెంట్లు ఒకదాన్నొకటి చంపుకున్నాయి. టంగ్‌స్టన్ రాక గణనీయంగా తగ్గింది. భౌతికశాస్త్రం మారలేదు, రాగి పనివాడి తెలివి మారింది.

మనకిది పరాయి గొడవ కాదు. ఐటర్‌లో ఈ రేడియో వ్యవస్థను ముక్కలుగా పంచుకున్నారు: యాంటెన్నా యూరప్‌ది, లైన్లు అమెరికావి, ఒక్కోటి 2.5 మెగావాట్ల ట్రాన్స్‌మిటర్లు భారత్‌వి. హజీరాలో తయారైన 3,850 టన్నుల క్రయోస్టాట్, అంటే యంత్రాన్ని చుట్టేసే పెద్ద పాత్ర, ఫొటోలకెక్కింది, ట్రాన్స్‌మిటర్‌కు ఆ యోగం పట్టలేదు. గాంధీనగర్ ప్లాస్మా పరిశోధన సంస్థవారు తమ ఫ్యూజన్ యంత్రం ఆదిత్య టోకమాక్‌లో యాంటెన్నాలూ పెట్టి చూసినవాళ్లే. అక్కడ ప్లాస్మా నిలిచేది సెకనులో కొంత భాగం. పట్టీ వంపు కుదరకపోతే విప్పి మళ్లీ బిగించుకోవచ్చు. ఐటర్‌లో ఆ వెసులుబాటు ఉండదు.