గడియారం చూసుకుని దీవి ఎక్కండి
మాల్టాలో వేసవి బస్సు టికెట్ 2.50 యూరోలు, 2 గంటల్లో ఎన్ని బస్సులైనా మారొచ్చు. గోజో దీవికి పడవెక్కేటప్పుడు డబ్బులడగరు, తిరుగు ప్రయాణంలోనే వసూలు. చవగ్గా తిరగడమంటే అందరూ ఈ లెక్కలే చెబుతారు. నేనైతే ముందు గడియారం చూస్తాను. మాల్టాలో కూర్చుని శాన్‌ఫ్రాన్సిస్కో ఆఫీసుకు పనిచేసేవాడికి సాయంత్రం 6కి డ్యూటీ మొదలై తెల్లవారుజామున 3కి ముగుస్తుంది. లేచేసరికి మధ్యాహ్నం, ఇక టాక్సీయే గతి. హైదరాబాద్ ఆఫీసైతే వేసవిలో తేడా మూడున్నర గంటలే. మన తొమ్మిదిన్నర మాల్టాలో ఉదయం 6. మూడింటికల్లా లాప్‌టాప్ మూసేసి, రికోటా కూరిన వేడి పస్తిట్సి (మాల్టా పఫ్) పొరలు చొక్కా మీద రాలుతుండగా వలెట్టా బస్టాండులో నిలబడొచ్చు. జూన్‌లో రాత్రి 8 దాకా వెలుతురే. కిక్కిరిసిన బస్సు ఆపకుండా పోయినా (పోతుంది కూడా) వెనకదానికి ఆగే తీరిక ఉంటుంది. టాక్సీ ఖర్చు మిగిల్చేది ఆ తీరికే. ఒక్కటే చిక్కు: మనలాంటి బయటి దేశాలవాళ్లకు అక్కడుంటూ ఇలా పనిచేసుకునే నోమాడ్ పర్మిట్ కావాలంటే ఏడాదికి 42,000 యూరోల ఆదాయం చూపించాలి. హైదరాబాద్ జీతాల్లో ఆ అంకె అందుకునేది ఎందరు?