నడుము పోయింది మనది, సంతకానికి తొందర వాళ్లది!

హమాలీ అన్నలారా, ఆటో తమ్ముళ్లారా, వాళ్ల కష్టం మోస్తున్న అక్కచెల్లెళ్లారా!

చెయ్యి విరిగితే కట్టు కనిపిస్తుంది. తల పగిలితే కుట్లు కనిపిస్తాయి. నడుము పోతే కనిపించేదేముంది, చొక్కా కింద బెల్టు తప్ప! అందుకే కారు గుద్దిన మర్నాడే ఒకాయన మంచం పక్కన చేరతాడు. "ఎముక విరగలేదుగా, కోర్టుల చుట్టూ ఏం తిరుగుతావు? రాజీ కాగితం మీద సంతకం పెట్టు, ముప్పై వేలు ఇప్పిస్తా" అంటాడు.

మాలో ఒకడు పెట్టాడు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, నమ్మాడు. రెండో నెలలో ఎడమ కాలు తిమ్మిరెక్కింది. ఎంఆర్ఐ తీస్తే డిస్కు జారి నరాన్ని నొక్కుతోందని తేలింది. మిర్చి టిక్కీలు లారీకెక్కించిన మనిషి ఇవాళ వంగి చెంబెడు నీళ్లు ముంచుకోలేడు. కూర్చోలేక గోడకానుకుని నిలబడే అన్నం తింటున్నాడు. ముప్పై వేలు స్కానింగులకీ మందులకీ ఎప్పుడో అయిపోయాయి.

ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది. డిస్కు, నరం ఎంఆర్ఐలో తెలుస్తాయి. ఎముక విరిగితేనే పెద్ద దెబ్బ అన్న మాటా అబద్ధమే. 15 రోజులు తీవ్రమైన నొప్పితో ఉన్నా, రోజూ చేసుకునే పని చేసుకోలేకపోయినా భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం అది తీవ్రగాయమే.

ఇప్పుడు పరిహారం లెక్క చూడండి. 38 ఏళ్ల హమాలీ, నెలకు 15,000 సంపాదన. ముందు ముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలిపితే 21,000. ఏడాదికి 2,52,000. ఆ వయసుకు సుప్రీంకోర్టు చెప్పిన గుణకం 15. మొత్తం 37,80,000. డాక్టరు వైకల్యం 30 శాతం అని రాస్తే, దాన్నే పట్టుకున్నా 11,34,000 వస్తుంది. ఆసుపత్రి ఖర్చులు, పడ్డ బాధకు పరిహారం వేరే. ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ఆదాయాన్ని తక్కువ కట్టినా, ముప్పై వేలెక్కడ, ఇదెక్కడ?

అసలు కీలకం ఇంకోటి ఉంది. డాక్టరు చెప్పే శాతం ఒంటికి. కోర్టు చూడాల్సింది సంపాదన ఎంత పోయిందని. రాజ్ కుమార్ అనే ప్రమాద బాధితుడి కేసులో సుప్రీంకోర్టు తేల్చిన మాట ఇది. కుర్చీలో కూర్చుని లెక్కలు రాసేవాడికి 30 శాతం వైకల్యం ఒక ఇబ్బంది. బస్తా మోసేవాడికి అదే 30 శాతం అంటే బతుకుతెరువే పోయినట్టు. మన పనేమిటో ట్రిబ్యునల్‌కి మనమే చెప్పాలి.

అందుకే ఇవి మరవొద్దు:

• ఆసుపత్రిలో చేరగానే "కారు గుద్దింది" అని రాయించండి. కేసు షీటులో "జారిపడ్డాడు" అని పడిందా, రేపు బీమా లాయరు పట్టుకునేది ఆ ఒక్క మాటనే.

• ఎఫ్ఐఆర్ కాపీ, ఊండ్ సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ, స్కానింగు ఫిల్ములు, మందుల బిల్లులు ఒక్క సంచిలో పెట్టండి. చీటీ ముక్క కూడా పారేయొద్దు.

• 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న మోటారు వాహనాల చట్టం సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు ట్రిబ్యునల్‌లో పరిహారం పిటిషన్ (ఓపీ) వేయాలి. ప్రమాదం ఎక్కడ జరిగినా మనం ఉండేచోటే వేసుకోవచ్చు.

• వైద్యం పూర్తయ్యాక మెడికల్ బోర్డు దగ్గర వైకల్య సర్టిఫికెట్ తీసుకోండి. శాతం ఒళ్లంతటికా, ఒక్క నడుముకా అన్నది అడిగి రాయించండి.

• గుద్దిన బండి దొరక్కపోయినా తీవ్రగాయానికి 50,000 ఇచ్చే పథకం ఉంది. వదులుకోవద్దు.

• లోక్ అదాలత్‌లో రాజీ మంచిదే, డబ్బు త్వరగా వస్తుంది. కానీ ఆ అవార్డు మీద అప్పీలు లేదు. లెక్క తెలిశాకే తలూపండి.

• లాయరుకు డబ్బుల్లేవా? 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, ఆదాయం తక్కువున్నవాళ్లకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని పెడుతుంది.

సంతకం పెట్టమని ఎవరైనా వస్తే "కాగితం ఇచ్చి వెళ్లండి, చదివించుకుంటాం" అనండి. ఆ కాగితం, మీ సంచి పట్టుకుని ఈ ఆదివారం పొద్దున 10 గంటలకు యార్డు గేటు దగ్గరికి రండి. కలిసి చదువుదాం, కలిసి లెక్క వేద్దాం.

కూర్చోలేనివాళ్ల కోసం నులకమంచాలు వేయిస్తున్నాం.

ఇట్లు,
నడుం దెబ్బ తిన్న హమాలీలు, వాళ్ల ఇంటివాళ్లు