విన్నపాలు చాలు, పటం గీయండి

తమిళనాట తెలుగు బడి మూతపడినప్పుడల్లా మనవారు వేదికలెక్కి భాష తీయదనాన్ని కీర్తిస్తారు (కాదన్నదెవరు?), ఆపై విన్నపపత్రం సమర్పిస్తారు. అది దస్త్రాలలో నిద్రిస్తుంది. నాకీ తీరు సమ్మతం కాదు.

2011 జనగణనలో తమిళనాడు తెలుగువారు 42 లక్షల పైచిలుకు. నూటికి ఆరుగురైనా కారు. పాలకులు చూపేది ఈ సగటునే. అదే లెక్కను తాలూకాల వారీగా పటంపై రంగులద్ది చూడండి: కావేరీ డెల్టాలో వెలవెలబోయిన రంగు హోసూరు దిక్కున చిక్కనవుతుంది. సగటు దాచినది పటం దాచలేదు.

తరగతికి 10 మంది గాని, బడికి 40 మంది గాని పిల్లలుంటే మాతృభాషలో ప్రాథమిక బోధనకు ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలని 1949లోనే విద్యామంత్రులు తీర్మానించారు. హక్కుకు కొలబద్ద అంకెయే అయినప్పుడు, ఆ అంకె లేకుండా ఏమని అడుగుతాం?

బొమ్మలతో ఉద్యమమా అని నవ్వేవారున్నారు. 1900లో పారిస్ ప్రదర్శనకు డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్, ఆయన శిష్యులు అమెరికా నల్లవారి చదువును, భూమిని, వృత్తులను చేతితో గీసిన రంగుల పటాలుగా పంపారు. జాలి కోరలేదు, లెక్క చూపారు.

మీ ఊరి బడియీడు పిల్లలను వీధివారీగా లెక్కించండి. తెలుగు పిల్లవాడున్న ప్రతి ఇంటికీ ఎర్రచుక్క పెట్టండి. ఆ పటాన్ని విద్యాధికారి బల్లపై పరచి, ఆ పదిమంది ఎక్కడున్నారో వేలు పెట్టి చూపండి.