నడవమంటారు సరే.. ఎక్కడ?

షుగరు రిపోర్టు చూసి డాక్టరు ‘రోజూ అరగంట నడవండి’ అంటారు. ఇంటిల్లిపాదీ తలూపుతారు. పురానాపూల్, జియాగూడ, ధూల్‌పేట, హుస్సేనీ ఆలం సందుల్లో ఉండేవారికి మర్నాడు పొద్దున్నే ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ఎక్కడ నడవాలి? గడప దాటితే ఆటోలు, బైకులు. కాలిబాట ఉన్నచోట తోపుడు బండ్లు, దుకాణాల సామాన్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు రెండు రోజులు ప్రయత్నించి మానేస్తారు. ఆడవాళ్లు అసలు బయల్దేరరు. మనమేమో అదంతా బద్ధకమని తేల్చేస్తాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆటలు ఉండాలి. మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం అంచనా వేసింది. పిల్లల కళ్ల సంగతీ చూడాలి. ఆరుబయట పగటి వెలుగులో ఎక్కువసేపు గడిపే పిల్లల్లో హ్రస్వదృష్టి మొదలయ్యే ముప్పు తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. అందుకే తైవాన్ 2010 నుంచి బడిపిల్లలను రోజుకు రెండు గంటలు బయట గడిపేలా ప్రోత్సహిస్తోంది. మన ఇళ్లలో ఆ రెండు గంటలూ ఫోన్‌కు పోతున్నాయి.

ఖాళీ జాగా విలువ ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1578లో కట్టిన పాత వంతెన చుట్టూ పెరిగిన బస్తీలివి. 1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్ తోటలోని ఓ చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. వరద తర్వాత 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఇరుకు బస్తీలను చక్కదిద్దడం, మూసీ ఒడ్డున తోటలు వేయడం అది చేపట్టిన పనుల్లో ఉన్నాయి. ఇళ్ల మధ్య గాలీ వెలుతురూ ఆరోగ్యానికి అవసరమని వందేళ్ల కిందటే గుర్తించారన్నమాట. ఇప్పుడు అదే ఒడ్డున మురుగు కంపుకు ముక్కు మూసుకోవాలి.

‘దగ్గర్లో జూ పార్కు ఉంది కదా’ అనొచ్చు. 1963లో తెరిచిన నెహ్రూ జూ పార్కు 380 ఎకరాలు. కానీ అది టికెట్ కొని, పిల్లలను తీసుకుని ఏడాదికోసారి వెళ్లే విహారం. జూబ్లీహిల్స్‌లోని కేబీఆర్ పార్కుకు వెళ్లాలంటే ట్రాఫిక్‌లో గంట పోతుంది. రోజూ చేయాల్సిన పనికి చోటు ఇంటి నుంచి పది నిమిషాల నడకలో ఉండాలి. పార్కు ఎంత పెద్దదన్నది ఆ తర్వాతి మాట.

పాతబస్తీలో కొత్తగా ఎకరాల భూమి దొరకదు. ఉన్నవాటిని గంటల లెక్కన తెరవవచ్చు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలి. ఆ మైదానాలు, కాలేజీ ఆవరణలు పొద్దున్నే, ఆదివారాల్లో తాళాల వెనక ఖాళీగా ఉంటాయి. వస్తువులు పోతే, ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిదని ప్రధానోపాధ్యాయులు అడుగుతారు. అడగడం న్యాయమే. కాలనీ కమిటీ కాపలాదారు జీతం, శుభ్రం చేసే పని నెత్తిన వేసుకుని రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుంటే ఆ భయం చాలావరకు తీరుతుంది.

రోడ్డును కూడా కాసేపు అడగవచ్చు. కొలంబియా రాజధాని బొగోటాలో 1974 నుంచి ఆదివారాల్లో కొన్ని రోడ్లను నడకకు, సైకిళ్లకు వదిలేస్తున్నారు. అంత దూరం ఎందుకు? 2021లో చార్మినార్ దగ్గర ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపితే కుటుంబాలు తండోపతండాలుగా వచ్చాయి. అది వేడుక. వారానికోసారి పొద్దున రెండు గంటలపాటు ఒక బస్తీ వీధికి అదే సౌకర్యం ఇస్తే ఆరోగ్యం.

ఉన్న చిన్న పార్కుల్లో దీపాలు, మరుగుదొడ్డి, కూర్చునేందుకు బెంచీలు లేకపోతే ఆడవాళ్లు రారు. వాళ్లు రాకపోతే అవి తాగుబోతుల అడ్డాలవుతాయి. పొద్దున ఒక గంట మహిళలకే కేటాయించినా మార్పు కనిపిస్తుంది. పార్కులు, ఆటస్థలాలు నగరపాలక సంస్థలకు అప్పగించదగిన బాధ్యతలని రాజ్యాంగం 12వ షెడ్యూలే చెబుతోంది. కాబట్టి ప్రజావాణిలో అర్జీ పెట్టడానికి మొహమాటపడనక్కర్లేదు. ‘పార్కు కావాలి’ అని రాస్తే కాగితం తిరుగుతూనే ఉంటుంది. ‘ఫలానా బడి గేటు పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకా తెరవండి’ అని పదిమంది సంతకాలతో రాస్తే జవాబు చెప్పక తప్పదు.

అంతవరకూ కాళ్లు కట్టేసుకుని కూర్చోవద్దు. అరగంట ఒకేసారి కుదరకపోతే మూడుపూటలా భోజనం తర్వాత పది నిమిషాలు మేడ మీదో, సందులోనో నడవండి. తిన్నాక నడిస్తే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగదు. వాహనాల పొగ తక్కువగా ఉండే వేళ ఎంచుకోండి. ఇన్సులిన్ తీసుకునేవారు జేబులో కాస్త చక్కెర ఉంచుకోవాలి. నడుస్తుండగా ఛాతీలో బరువుగా అనిపించినా, ఆయాసం ఎక్కువైనా ఆగి, వెంటనే వైద్య సహాయం తీసుకోవాలి.

ఈ ఆదివారం ఓ పని చేయండి. ఇంటి నుంచి పది నిమిషాల దూరంలో తాళం వేసి ఉన్న ఖాళీ జాగాలు ఎన్నో పిల్లలతో కలిసి లెక్కపెట్టండి. ఆ లెక్కతోనే అర్జీ మొదలుపెట్టొచ్చు. ఆ రోజు నడక ఎలాగూ అయిపోతుంది.